దారికి ఆనవాలు: సెగ్మెంట్ రూటింగ్‌లో మార్గాన్ని గుర్తించడం, గమనించడం

పెద్ద ఆపరేటర్ నెట్‌వర్క్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటి ఒక ప్యాకెట్ చివరి రూటర్‌లోకి వచ్చింది. అది ఏ ఖాతాదారుదో దాని మీద రాసి ఉంది. ఎటు పోవాలో కూడా రాసి ఉంది. ఏ దారిన వచ్చిందో మాత్రం ఎక్కడా లేదు. లేబుళ్లు చూసి ప్యాకెట్లను పంపే ఎంపీఎల్‌ఎస్ మీద నడిచే సెగ్మెంట్ రూటింగ్‌లో ఇది ఏదో చెడిపోయి జరిగింది కాదు, ఆ పద్ధతి స్వభావమే అంత. బయల్దేరేటప్పుడు ప్యాకెట్ నెత్తిన దారి మొత్తం లేబుళ్ల దొంతరగా ఉంటుంది. సెగ్మెంట్ అంటే మన మాటలో మజిలీ. ఒక్కో మజిలీ దాటగానే దాని లేబుల్‌ను తీసేస్తారు. గమ్యం చేరేసరికి దారి చెప్పే లేబుల్ ఒక్కటీ మిగలదు. ఈ ఖాళీని పూడ్చడానికి గత పదేళ్లలో ఎన్నో ప్రమాణ పత్రాలు, ఎన్నో కొలత పద్ధతులు వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. మార్గాన్ని గుర్తించడం అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. పంపినవారు ఏ దారి చెప్పారన్నది మొదటిది, ప్యాకెట్ నిజంగా ఏ దారిన నడిచిందన్నది రెండోది. మొదటిదానికి ఇప్పుడు చవకైన, గట్టి జవాబు ఉంది. ఆ జవాబునే రెండోదానికి కూడా సరిపెట్టుకుంటే కొలతలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

నెట్‌వర్క్ ఇలా మరచిపోవడం ఎందుకు నేర్చుకుందో తెలియాలంటే అంతకు ముందు గుర్తుపెట్టుకోవడానికి ఎంత ఖర్చయ్యేదో చూడాలి. ఎంపీఎల్‌ఎస్ నిర్మాణాన్ని వివరించే ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3031 2001 జనవరిలో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆర్‌ఎస్‌వీపీ-టీఈ, ఆర్‌ఎఫ్‌సీ 3209గా వచ్చింది. ఆ పద్ధతిలో ఒక మార్గం వేయాలంటే దాని మీదున్న ప్రతి రూటర్‌తోనూ ముందే ఒప్పందం కుదుర్చుకోవాలి. ప్రతి రూటర్ ఆ మార్గాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి, ఆ గుర్తును ఎప్పటికప్పుడు తాజా చేసుకుంటూ ఉండాలి. అంచున 500 రూటర్లున్న నెట్‌వర్క్‌నే తీసుకుందాం. ప్రతి రూటర్ నుంచి మిగతా ప్రతి రూటర్‌కూ ఒక్కో మార్గం వేసినా 2,49,500 మార్గాలవుతాయి. అవన్నీ నడుమనున్న కొద్దిపాటి కోర్ రూటర్ల మీదుగానే పోవాలి కనుక ఒక్కో కోర్ రూటర్ వేలకు వేల మార్గాల లెక్క మోయాలి. ఒక లింకు తెగితే దాని మీద పోతున్న మార్గాలన్నిటికీ ఒకేసారి మళ్లీ ఒప్పందాలు మొదలవుతాయి. ఈ భారం దించడానికే, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో 2013లో స్ప్రింగ్ అనే కార్యవర్గం ఏర్పడింది. సెగ్మెంట్ రూటింగ్ నిర్మాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8402గా 2018 జూలైలో వెలువడింది. ఇందులో దారిని మొదటి రూటరే నిర్ణయించి ప్యాకెట్ మీద రాసేస్తుంది. నడుమనున్న రూటర్లకు మార్గాలతో పనిలేదు. వాటికి తెలియాల్సింది మజిలీల అర్థం మాత్రమే. నోడ్ సెగ్మెంట్ అయితే ఫలానా రూటర్‌కు దగ్గరి దారిన పో అని, అడ్జసెన్సీ సెగ్మెంట్ అయితే ఈ లింకు మీదుగానే పో అని. రెండున్నర లక్షల మార్గాలు వేసినా, పాతిక లక్షలు వేసినా కోర్ రూటర్ మోసే పట్టిక పెరగదు. ఇది చిన్న లాభం కాదు. ఈ వ్యాసంలో సెగ్మెంట్ రూటింగ్ మీద చెప్పే ఏ విమర్శనూ పాత పద్ధతికి తిరిగి వెళ్దామన్న సలహాగా తీసుకోకూడదు.

అయితే కోర్ రూటర్ల నెత్తి నుంచి దించిన ఆ బరువులోనే మార్గం గుర్తింపు కూడా ఉంది. చివరి లేబుల్‌ను కూడా గమ్యానికి ఒక అడుగు ముందున్న రూటరే తీసేయడం ఎంపీఎల్‌ఎస్‌లో మామూలు. అప్పుడు చివరి రూటర్‌కు చేరేది వీపీఎన్ లేబుల్ ఒక్కటే, లేదా ఉత్త ఐపీ ప్యాకెట్. వీపీఎన్ లేబుల్ ఖాతాదారు ఎవరో చెబుతుంది. దారి సంగతి అటుంచి ప్యాకెట్ ఏ రూటర్ నుంచి బయల్దేరిందో కూడా అది చెప్పదు. ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. లేబుళ్లను పంచే పాత పద్ధతి ఎల్‌డీపీ వాడిన నెట్‌వర్క్‌లలోనూ ఇంతే కదా, ఎక్కడెక్కడి నుంచో ఒకే గమ్యానికి వచ్చే ప్యాకెట్లన్నీ ఒకే లేబుల్ కింద కలిసిపోయేవి కదా, అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు? జవాబు మాట ఇవ్వడంలో ఉంది. ఎల్‌డీపీ ఫలానా దారినే పంపుతానని ఎవరికీ మాట ఇవ్వలేదు, కనుక లెక్క అడిగేవారూ లేరు. సెగ్మెంట్ రూటింగ్ పుట్టిందే ఆ మాట ఇవ్వడానికి. 2022 జూలైలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9256 ప్రకారం ఎస్‌ఆర్ పాలసీని మూడు విషయాలతో గుర్తిస్తారు. బయల్దేరే రూటర్, చేరాల్సిన రూటర్, ఏ ఉద్దేశంతో పంపుతున్నామో చెప్పే రంగు. ఆలస్యం తక్కువగా ఉండే దారి, రద్దీ లేని దారి అంటూ ఆపరేటర్ ఖాతాదారుకు అమ్మేది ఆ ఉద్దేశాన్నే. డబ్బు తీసుకుని ఇచ్చిన మాట నిలబడిందో లేదో అవతలి కొసన తేల్చుకునే వీలు లేకపోతే ఆ అమ్మకానికి ఆధారం ఉండదు. ఒకే ప్యాకెట్‌ను రెండు వేర్వేరు దారుల్లో పంపి చివర బాగా వచ్చినదాన్ని తీసుకునే రక్షణ పద్ధతికీ ఈ గుర్తింపు కావాలి. పోయే దారినీ వచ్చే దారినీ జతగా చూడాల్సిన సేవలకూ కావాలి.

దీనికి పాత తరహా జవాబు పరీక్షా ప్యాకెట్. నిజమైన ప్యాకెట్ల సంగతి వదిలేసి, మనమే ఒక ప్యాకెట్ తయారుచేసి అదే దారిన పంపి అది ఎంతసేపట్లో చేరిందో చూడడం. ఈ వాదాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఎందుకంటే గుర్తింపును కష్టం చేసిన సెగ్మెంట్ రూటింగే పరీక్షను మాత్రం ఎంతో సులువు చేసింది. దారిని ప్యాకెట్ మీద రాయగలిగినప్పుడు, బయల్దేరిన చోటికే తిరిగొచ్చేలా చుట్టుదారిని కూడా రాయవచ్చు. 2018 జూలైలోనే వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8403 ఈ ఊహ మీదే నిలబడింది. నెట్‌వర్క్‌లో ఒకచోట కూర్చున్న పర్యవేక్షణ యంత్రం, తాను ఎంచుకున్న ఏ లింకు మీదుగానైనా పరీక్షా ప్యాకెట్‌ను పంపి వెనక్కి రప్పించుకుంటుంది. నడుమ ఏ రూటరూ ప్రత్యేకంగా బదులు చెప్పనక్కర్లేదు. వచ్చిన ప్యాకెట్‌ను మామూలుగా ముందుకు పంపితే చాలు. 2017 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8287 ఎల్‌ఎస్‌పీ పింగ్, ట్రేస్‌రూట్‌లను సెగ్మెంట్ లేబుళ్లకు తగినట్టు మార్చింది. స్టాంప్ అనే సరళమైన కొలత పద్ధతి 2020 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8762గా వచ్చింది. దాన్ని సెగ్మెంట్ రూటింగ్‌కు అనువుగా మలిచిన ఆర్‌ఎఫ్‌సీ 9503 2023 అక్టోబరులో వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన అంశం తిరుగుదారిని కూడా ప్యాకెట్‌లోనే చెప్పే ఏర్పాటు. అది లేకపోతే జవాబు ఏదో ఒక దగ్గరి దారిన వెనక్కి వస్తుంది. అక్కడ లింకు చెడితే నిందను పోయిన దారి మీద వేస్తాం. దారి బతికే ఉందా అన్న ప్రశ్నకు ఈ పద్ధతులు చక్కగా పనికొస్తాయి.

కానీ ఖాతాదారు ప్యాకెట్లకు ఏమైంది అన్న ప్రశ్నకు ఇవి చాలవు. ఇది అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. సెకనుకు 10 గిగాబిట్ల లింకు నిండుగా నడుస్తోంది, సగటు ప్యాకెట్ 1,000 బైట్లు అనుకుందాం. సెకనుకు 12.5 లక్షల ప్యాకెట్లు ప్రయాణిస్తుంటాయి. అందులో లక్షకు ఒకటి చొప్పున పోతోందనుకుంటే సెకనుకు పన్నెండు పదమూడు ప్యాకెట్లు నష్టం. సెకనుకు ఒక పరీక్షా ప్యాకెట్ చొప్పున పంపుతూ కూర్చుంటే అందులో ఒకటి పోవడానికి సగటున లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు పడుతుంది. ఆ ఒక్కటి మన కంటపడేలోగా ఖాతాదారుకు పన్నెండున్నర లక్షల ప్యాకెట్లు పోయి ఉంటాయి. పరీక్షా ప్యాకెట్లను వంద రెట్లు పెంచినా పావుగంట పైగా కళ్లు మూసుకున్నట్టే. దీనికి తోడు, సమాన ఖర్చున్న దారులు నాలుగుంటే రూటర్ ప్యాకెట్ శీర్షికలోని అంకెలను చూసి ఒకదాన్ని ఎంచుకుంటుంది. నాలుగింటిలో ఒకటి చెడి, ఖాతాదారు ప్రవాహం దాని మీద పడి, పరీక్షా ప్యాకెట్ మిగతా మూడింటిలో ఒకదాని మీద పోతుంటే తెర మీద అంతా పచ్చగానే కనిపిస్తుంది. శీర్షికలోని అంకెలను మారుస్తూ నాలుగు దారులూ తడమవచ్చు. ఎల్‌ఎస్‌పీ పింగ్‌లో 127తో మొదలయ్యే గమ్య చిరునామాలను మార్చి మార్చి పంపేది అందుకే. నాలుగు దారులూ తడిమామన్నది నిజమే కానీ ఖాతాదారు ప్రవాహం వాటిలో దేని మీద ఉందో అప్పటికీ తెలియదు. పరీక్షా ప్యాకెట్ ఇచ్చేది తన సాక్ష్యమే తప్ప పక్కన పోయిన ప్యాకెట్ సాక్ష్యం కాదు.

కనుక నిజమైన ప్యాకెట్లనే లెక్కపెట్టాలి. 2016 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7799 కొలతలను మూడు తెగలుగా విడదీసింది. కొలత కోసమే ప్యాకెట్లు పుట్టించేవి, పోతున్నవాటిని ముట్టుకోకుండా చూసేవి, ఈ రెంటికీ నడుమ పోతున్న ప్యాకెట్ మీదే చిన్న గుర్తు పెట్టేవి. మూడో తెగలో అన్నిటికన్నా పొందికైనది రంగులు మార్చే పద్ధతి. మొదటి రూటర్ కొంతసేపు ప్యాకెట్లన్నిటికీ ఒక రంగు వేస్తుంది, తర్వాత అంతేసేపు రెండో రంగు, మళ్లీ మొదటిది. ఒక రంగు నడుస్తుండగా రెండో రంగు లెక్క కదలకుండా ఉంటుంది కనుక రెండు కొసల్లోనూ దాన్ని తీరిగ్గా చదివి పోల్చవచ్చు. పంపినవి ఎన్ని, చేరినవి ఎన్ని, తేడా ఎంత అన్నది అంచనా కాదు, అసలు లెక్క. టెలికాం ఇటాలియా నెట్‌వర్క్‌లో వాడి చూసిన ఈ పద్ధతి 2018 జనవరిలో ప్రయోగాత్మక పత్రంగా ఆర్‌ఎఫ్‌సీ 8321 అయింది. 2022 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9341గా ప్రమాణాల దారికి ఎక్కింది. ఎంపీఎల్‌ఎస్‌లో ఇలాంటి లెక్కలకు పత్రాలు అంతకు ముందూ ఉన్నాయి. 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6374 నష్టాన్నీ ఆలస్యాన్నీ కొలిచే తీరు చెప్పింది. అయితే వీటన్నిటికీ ఒక షరతు ఉంది. మొదటి కొసన ఏ గుంపును లెక్కపెట్టామో చివరి కొసన అదే గుంపును లెక్కపెట్టాలి. ఒకే చోటి నుంచి వచ్చే మూడు దారుల ప్యాకెట్లు చివర ఒకే గుంపుగా కలిసిపోతే, ఆ చివర తీసిన లెక్క ఏ దారిదీ కాదు. గుర్తింపు లేనిచోట కొలత మొదలే కాదు.

ఆ గుర్తింపును ఇచ్చేదే పాత్ సెగ్మెంట్. చైనా మొబైల్, హువావే, సిస్కో తదితర సంస్థల ఇంజినీర్లు రాసిన పత్రం 2024 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 9545గా వచ్చింది. ఊహ చాలా సరళం. చివరి రూటర్ తన దగ్గరున్న లేబుళ్లలో ఒకదాన్ని ఒక మార్గానికి ఆనవాలుగా కేటాయిస్తుంది. మొదటి రూటర్ దారి లేబుళ్లన్నిటి కిందా, చివరి మజిలీ లేబుల్ తర్వాత, ఈ ఆనవాలును పెడుతుంది. పైనున్నవన్నీ మజిలీ మజిలీకీ రాలిపోతాయి. అడుగునున్న ఆనవాలు జోలికి నడుమ ఎవరూ రారు. చివరి రూటర్ దాన్ని చూసి, ఇది ఫలానా మార్గం అని గుర్తుపట్టి, ఆ మార్గం లెక్కలో ఒకటి కలిపి, లేబుల్‌ను తీసేస్తుంది. మజిలీల జాబితానే పేరుగా వాడుకోవచ్చు కదా అంటే, రెండు మార్గాలు చాలా మజిలీలను పంచుకోవచ్చు కనుక జాబితాలోని ఏ ముక్కా మార్గాన్ని వేరు చేసి చూపదు. పెద్ద మార్గంలో ఒక భాగాన్ని విడిగా గమనించాలంటే ఆ భాగానికి ఒక ఆనవాలు, మొత్తానికి ఒక ఆనవాలు అని ఒకదాని కింద ఒకటి పేర్చే వీలునూ ఈ పత్రం ఇచ్చింది. నష్టాన్ని లెక్కించేటప్పుడు రంగు వేయడానికి ఎంపీఎల్‌ఎస్ లేబుల్‌లో ఖాళీ బిట్ దొరకదు. 32 బిట్లలో 20 లేబుల్‌కు, 3 ప్రాధాన్యానికి, 1 దొంతర అడుగును సూచించడానికి, 8 ఆయువుకు పోతాయి. ఒకే ప్రవాహానికి రెండు పర్యాయ లేబుళ్లు ఇచ్చి వాటినే రెండు రంగులుగా వాడే ఆలోచనకు 2021 జనవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 8957 చట్రం వేసింది. ఒక మార్గానికి రెండు ఆనవాళ్లు ఇచ్చి మార్చి మార్చి వాడినా అదే ఫలితం వస్తుంది.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం సిద్ధాంతపరమైనది. నెట్‌వర్క్‌లో మార్గాల జ్ఞాపకం ఉండకూడదన్నదే సెగ్మెంట్ రూటింగ్ ఆదర్శం కదా, ఇప్పుడు దాన్ని దొడ్డిదారిన తెస్తున్నారు కదా అన్నది. జ్ఞాపకం తిరిగొస్తున్న మాట నిజం. కానీ ఎక్కడికి తిరిగొస్తోందో చూడాలి. ముందు చెప్పిన 500 రూటర్ల నెట్‌వర్క్‌లో ప్రతి జతకూ నాలుగేసి మార్గాలు వేసినా, ఒక చివరి రూటర్ గుర్తుపెట్టుకోవాల్సినవి 1,996 ఆనవాళ్లు. ఇరవై బిట్ల లేబుల్‌లో పది లక్షలకు పైగా విలువలున్నాయి. ఆనవాలు ఆ చివరి రూటర్‌కు మాత్రమే అర్థమైతే చాలు. కోర్ రూటర్ల మీద పడే కొత్త భారం సున్నా. ఖాతాదారుల వీపీఎన్ పట్టికలను ఎలాగూ మోస్తున్న అంచు రూటర్‌కు ఈ రెండు వేలు పెద్ద బరువు కావు. జ్ఞాపకం చెడ్డది కాదు. అది వద్దన్న చోట, అంటే నడిబొడ్డున, పోగుపడడమే చెడ్డది. రెండో అభ్యంతరం దొంతర లోతు గురించి, ఇది కాస్త గట్టిది. ఒక రూటర్ ఒకేసారి ఎన్ని లేబుళ్లు పేర్చగలదన్నదానికి హార్డ్‌వేర్ హద్దు ఉంటుంది. ఆ హద్దును చాటే పద్ధతికే 2018 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 8491 రావాల్సి వచ్చింది. ఐదు మజిలీలు, ఒక ఆనవాలు, సమాన దారుల్లో పంపిణీకి వాడే ఎంట్రపీ లేబుల్ జత, ఒక వీపీఎన్ లేబుల్ కలిపితే తొమ్మిది లేబుళ్లు, 36 బైట్లు. పాత యంత్రాలకు ఇది ఊపిరాడని లోతు. బైండింగ్ సెగ్మెంట్‌తో కొన్ని మజిలీలను ఒక్క లేబుల్ కింద కుదించడం ఒక ఉపాయం. కొలత నిజంగా అవసరమైన మార్గాలకే ఆనవాలు పెట్టడం దానికన్నా తెలివైన ఉపాయం. మూడో ప్రమాదం గురించి ఎక్కువ మంది మాట్లాడరు. చివరి రూటర్ తిరిగి మొదలై పాత ఆనవాలును కొత్త మార్గానికి ఇచ్చి, మొదటి రూటర్‌కు ఆ సంగతి ఇంకా అందకపోతే, ఒక మార్గం లెక్క ఇంకో మార్గం ఖాతాలో పడుతుంది. లెక్క లేకపోవడం కన్నా తప్పు లెక్క ఎక్కువ హాని చేస్తుంది. స్థిరంగా కేటాయించడం, వదిలేసిన ఆనవాలును కొంతకాలం ఎవరికీ ఇవ్వకపోవడం, ఈ రెండూ క్రమశిక్షణగా పాటించాల్సినవి.

ఐపీవీ6 మీద నడిచే ఎస్‌ఆర్‌వీ6లో ఈ సమస్యే లేదు అనేవారున్నారు. 2020 మార్చి నాటి ఆర్‌ఎఫ్‌సీ 8754 ప్రకారం మజిలీల జాబితా ప్యాకెట్ శీర్షికలో ఉంటుంది. మజిలీ దాటినా చెరిపేయరు, ఇంకెన్ని మిగిలాయో చెప్పే అంకె మాత్రమే తగ్గుతుంది. కనుక చివరి రూటర్ జాబితాను చదువుకోవచ్చన్నది వారి మాట. కాగితం మీద ఇది నిజం. కానీ ఒక్కో మజిలీ 16 బైట్లు. ఐదు మజిలీల జాబితాను వచ్చిన ప్రతి ప్యాకెట్‌లోనూ 80 బైట్ల మేర పోల్చి చూడడం వేగంగా నడిచే యంత్రానికి తగిన పని కాదు. పైగా బరువు తగ్గించుకోవడానికి ఆపరేటర్లు వాడే ప్రతి ఉపాయమూ ఆ జాబితానే కొరుకుతుంది. మొదటి మజిలీని గమ్య చిరునామాలోనే ఉంచి జాబితాలో రాయకుండా వదిలేసే కుదింపు ఒకటి, గమ్యానికి ముందున్న మజిలీలోనే శీర్షిక మొత్తాన్ని తీసేసే ఏర్పాటు ఇంకొకటి. ఇక మజిలీలను పొట్టిగా చేసి, ఒకే 128 బిట్ల చిరునామాలో ఉమ్మడి భాగానికి 32 బిట్లు పోగా 16 బిట్ల మజిలీలు ఆరు ఇమిడించే పద్ధతిలో, ఒక్కో మజిలీ దాటగానే దాని బిట్లు పక్కకు జరిగి మాయమవుతాయి. ఎంపీఎల్‌ఎస్ దొంతర రాలిపోయినట్టే ఇదీ రాలిపోతుంది. నెట్‌వర్క్‌లు వెళ్తున్నది ఆ కుదింపు దిశగానే. అందుకే ఎస్‌ఆర్‌వీ6కూ పాత్ సెగ్మెంట్ కావాలన్న ప్రతిపాదన ఐఈటీఎఫ్ ముందుకు వచ్చింది. ఐపీవీ6లో రంగులు మార్చే పద్ధతిని చెప్పిన ఆర్‌ఎఫ్‌సీ 9343లో ప్రవాహాన్ని గుర్తించడానికి 20 బిట్ల అంకె విడిగా ఉండడానికి కారణమూ ఇలాంటి అవసరమే.

ఇప్పుడు అసలు చిక్కు. ఆర్‌ఎఫ్‌సీ 9545 సంక్షిప్తంలోనే, ప్యాకెట్ ఏ మార్గాన వచ్చిందో చివరి రూటర్‌కు తెలియడం లేదన్నది సమస్యగా చెప్పారు. ఆనవాలు వచ్చాక అది తెలుస్తుందా? నా ఉద్దేశంలో తెలియదు. ఆనవాలును రాసింది మొదటి రూటర్, ప్యాకెట్ ఇంకా అడుగు కదపకముందే. అది పంపినవాడి మాట, నడిచినవాడి మాట కాదు. మజిలీల జాబితా అంటే దారి పూర్తి వివరం కాదన్న సంగతి ఇక్కడ బయటపడుతుంది. నోడ్ సెగ్మెంట్ గమ్యం చెబుతుందే కానీ అక్కడికి చేరే సమాన దారులు నాలుగుంటే వాటిలో ఏదో చెప్పదు. ఒకే ఆనవాలున్న ప్యాకెట్లు నాలుగు వేర్వేరు లింకుల మీద వచ్చి ఒకే లెక్కలో పడతాయి. నాలుగింటిలో ఒకటి చెడితే, ఆ దారి ప్యాకెట్లు నాలుగు శాతం పోతే, మొత్తం లెక్కలో ఒక శాతం నష్టం కనిపిస్తుంది, ఎక్కడన్నది కనిపించదు. లింకు తెగినప్పుడు ఇంకా చిత్రం. టీఐ-ఎల్‌ఎఫ్‌ఏ అనే రక్షణ, తెగిన చోటికి ముందున్న రూటర్‌లోనే, 50 మిల్లీసెకన్ల లోపు పక్కదారి పట్టిస్తుంది. ప్యాకెట్ పక్కదారిన తిరిగి, పాత ఆనవాలుతోనే చివరికి చేరుతుంది. చివరి రూటర్ దాన్ని చెప్పిన మార్గం ఖాతాలోనే రాసుకుంటుంది. ఫైబర్‌లో వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 5 మిల్లీసెకన్లు పడుతుంది. పక్కదారి వెయ్యి కిలోమీటర్లు ఎక్కువైతే ఆలస్యం ఆ మేరకు పెరుగుతుంది. కొలత ఆ పెరుగుదలను చూపిస్తుంది, కారణాన్ని మాత్రం అసలు నడవని దారికి అంటగడుతుంది. ఒకే ప్యాకెట్‌ను రెండు దారుల్లో పంపే రక్షణలో ఇది మరీ ప్రమాదం. రెండు దారుల్లో ఒకటి పక్కకు మళ్లి రెండోదాని లింకు మీదికే వచ్చి చేరవచ్చు. ఆనవాళ్లు రెండూ వేర్వేరుగానే కనిపిస్తాయి, దారులు మాత్రం ఒకటైపోయి ఉంటాయి.

నడిచిన దారిని నిజంగా తెలుసుకునే సాధనాలు లేవా అంటే ఉన్నాయి. 2022 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9197 ఐఓఏఎమ్ అనే పద్ధతికి రూపమిచ్చింది. ప్యాకెట్ పోతూ పోతూ ఉండగా ప్రతి రూటర్ తన పేరు, వచ్చిన లింకు, పోయే లింకు, సమయం దాని మీదే రాస్తుంది. ఇది అడుగుజాడల చిట్టా. దీనికే అన్ని ప్రశ్నలూ అప్పగించవచ్చు కదా, ఆనవాళ్ల గొడవ ఎందుకు అన్నది నాలుగో అభ్యంతరం. ఖర్చు చూడండి. రూటర్ పేరుకు 4 బైట్లు, లింకులకు 4, సమయానికి 8 వేసుకున్నా ఒక్కో రూటర్‌కు 16 బైట్లు. పది రూటర్లు దాటితే 160 బైట్లు, శీర్షికలు అదనం. ప్యాకెట్ నడుస్తూ లావెక్కడం వల్ల లింకు హద్దు దాటిపోయే ప్రమాదమూ ఉంది. ప్యాకెట్ మీద రాయకుండా ఎవరి సమాచారం వారే విడిగా సేకర్తకు పంపే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 9326గా 2022 నవంబరులో వచ్చింది. అప్పుడు ప్యాకెట్ లావెక్కదు కానీ ఆ నివేదికల ప్రవాహమే ఇంకో నెట్‌వర్క్ భారమవుతుంది. వీటికన్నా పొదుపైనది ఎస్‌ఆర్‌వీ6 కోసం ప్రతిపాదించిన పాత్ ట్రేసింగ్. ఒక్కో రూటర్ మూడే బైట్లు రాస్తుంది. పోయే లింకు గుర్తుకు 12 బిట్లు, సమయానికి 8, లింకు భారానికి 4. పది రూటర్లకు 30 బైట్లు. ఇంత పొదుపు చేసినా సెకనుకు పన్నెండున్నర లక్షల ప్యాకెట్లలో ప్రతిదాని మీదా ఇది రాయించడం మాటల్లో తేలిక, యంత్రాల్లో కష్టం. వీటిని కొద్ది ప్యాకెట్ల మీద నమూనాగా వాడడమే సబబు. నమూనా అనగానే లక్షకొకటి పోయే నష్టాన్ని పట్టే శక్తి తగ్గిపోతుంది. అందుకే ఇవి ఆనవాలు స్థానాన్ని తీసుకోలేవు. ఆనవాలు ప్రతి ప్యాకెట్‌నూ లెక్కిస్తుంది, ఎక్కడ నడిచిందో తెలియకుండా. అడుగుజాడలు ఎక్కడ నడిచిందో చెబుతాయి, కొన్నిటికి మాత్రమే.

ఈ రెంటినీ ఒకటి చేసే దారి ఒకటుంది. చెప్పిన దారీ నడిచిన దారీ వేరయ్యే అవకాశమే లేకుండా చేయడం. ప్రతి లింకునూ అడ్జసెన్సీ సెగ్మెంట్‌తో పేరుపెట్టి చెబితే సమాన దారుల ఎంపిక ఉండదు. ఆ సెగ్మెంట్లలో రక్షణ లేని రకాన్ని వాడితే లింకు తెగినప్పుడు ప్యాకెట్ పక్కదారి పట్టకుండా అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ఆనవాలుతో చివరికి చేరిన ప్రతి ప్యాకెట్టూ చెప్పిన దారినే వచ్చిందని ధీమాగా అనవచ్చు. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆ లింకు నాలుగైదు భౌతిక తీగల కట్ట అయితే ఎంపిక మళ్లీ కట్ట లోపల మొదలవుతుంది. కట్టలోని ఒక్కో తీగనూ విడిగా పేర్కొనే ఏర్పాటు ఐఎస్-ఐఎస్ అనే రూటింగ్ ప్రోటోకాల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 8668తో 2019 డిసెంబరులో వచ్చింది, కానీ ప్రతి తీగనూ పేర్కొంటూ పోతే దొంతర లోతు హద్దు ముందే అడ్డొస్తుంది. కనుక ఇది అందరికీ పనికొచ్చే మందు కాదు. రెండు దారుల రక్షణ కొన్న కొద్దిమంది ఖాతాదారులకు ఇలాంటి బిగువైన మార్గాలు వేయాలి. మిగతావారికి వదులుగా ఉన్న మార్గాలు, వాటికి ఆనవాళ్లతో పూర్తి లెక్క, లెక్కలో తేడా కనిపించినప్పుడు ఆ మార్గం మీదే కాసేపు అడుగుజాడల నమూనా, దారులన్నీ బతికే ఉన్నాయో లేదో చూడడానికి నిరంతరం తిరిగే పరీక్షా ప్యాకెట్లు. ఈ వరుసలో ఒకటి ఇంకొకదానికి బదులు కాదు. ఏ ప్రశ్నకు ఏది జవాబో తెలిసి వాడాలి.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో వెంటనే చేయదగినది ఒకటి మిగిలే ఉంది. పక్కదారి పట్టించే రూటర్‌కు తాను ఆ పని చేస్తున్నానని తెలుసు, ఏ క్షణాన మొదలుపెట్టిందో తెలుసు. ఆనవాళ్ల లెక్క ఉంచే సేకర్తకు ఆ సంగతి తెలియదు. రూటర్ పంపే ఆ ఒక్క కబురును, లింకు పేరు, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఆ వ్యవధిలో ఆ లింకు మీదుగా పోవాల్సిన మార్గాల లెక్కల పక్కన చేర్చి చూపితే చాలు. పక్కదారిన వచ్చిన ఆలస్యాన్ని అసలు దారికి అంటగట్టే పొరపాటు ఆగుతుంది. దీనికి ప్యాకెట్ మీద ఒక్క బిట్ కూడా అదనంగా పెట్టనక్కర్లేదు. మజిలీల జాబితా, లింకుల స్థితి, ఆనవాళ్ల పట్టిక మూడూ ఇప్పటికే నెట్‌వర్క్‌ను నడిపే కంట్రోలర్ దగ్గర ఉన్నాయి. మూడింటినీ ఒకే గడియారం మీద పక్కపక్కన పెట్టే పని మిగిలింది.